బరువు తెలియని చాకు

ఆ రోజు పొద్దున్న లేచింది మొదలు తూకాలాయనకి ఒకటే పని. మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా దేన్నీ చేత్తో ఎత్తి బరువు చూడకూడదు. వినడానికి చిన్న పనే. చెయ్యడానికి మాత్రం ఆయనకి ఊపిరి బిగబట్టినంత కష్టంగా ఉంది.

తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా జీవితమంతా గడిపి రిటైరైన మనిషి. ఆయన వీధి మలుపు తిరిగాడని తెలిస్తే చాలు, ఒకప్పుడు దుకాణాల్లో రాళ్ళు మారిపోయేవి. త్రాసు అక్కర్లేకుండా అరచేతిలో పెట్టుకునే బరువు చెప్పేసేవాడు. తర్వాత త్రాసు తెప్పిస్తే, అదీ ఆయన మాటే చెప్పేది. రిటైరయ్యాక శాఖ ఆయన్ని వదిలేసింది గానీ ఆయన శాఖని వదల్లేదు. సబ్బు బిళ్ళ, ఉప్పు పొట్లం, పక్కింటి పసిపిల్ల, ఏది దొరికినా ఎత్తి చూసి, పెదవి విరిచి, "తక్కువుంది" అనేవాడు. పసిపిల్ల తల్లి అప్పట్నించీ వాళ్ళింటి వైపు చూడటం మానేసింది.

పసిపిల్ల సంగతి పోనీ, సొంత పిల్ల పెళ్ళికి కూడా ఈ చెయ్యే అడ్డం పడింది. కూతుర్ని చేసుకుంటానని వచ్చిన మొదటి అబ్బాయి మిఠాయి పెట్టె తెచ్చాడు. ఈయన దాన్ని అందుకుంటూనే అట్టపెట్టెతో కలిపి తూచారని తేల్చి, ఏ దుకాణం, ఎవరు తూచారు, నువ్వు చూస్తూ ఎలా ఊరుకున్నావంటూ నిలదీశాడు. ఆ అబ్బాయి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. రెండో అబ్బాయి తండ్రికి పెట్రోలు బంకు ఉంది. ఆ మాట బయటపడ్డాక సంభాషణ పెళ్ళి దాకా రానేలేదు.

మూడో అబ్బాయిని కూతురు తనే చూసుకుంది, ఇవాళే భోజనానికి రమ్మంది. తండ్రి ముందు నిలబడి ఖరాఖండీగా చెప్పేసింది. "నాన్నా, ఇదే ఆఖరిసారి. ఇతన్ని కూడా తూచి పంపించావంటే, మేమిద్దరం వెళ్ళి రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకుని నీకో ఫొటో పంపిస్తాం. దాని బరువు చూసుకుంటూ కూర్చో."

తూకాలాయనకి ఒక్కతే కూతురు. ఆ పెళ్ళిలో తను లేకుండా పోతానేమోనన్న ఆలోచనకే ఆయనకి గుండెల్లో రాయి పడింది. ఆ రాయి బరువెంతో మాత్రం చెప్పలేకపోయాడు.

"ఏమండీ, ఆ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకోండి. అబ్బాయి వెళ్ళేదాకా బయటికి తియ్యకండి," అంది భార్య వంటింట్లోంచి.

"కుడి జేబు చిరిగిందే."

"మళ్ళీనా?"

జేబు చిరగడానికి కారణం ఆయన ఇనప చాకు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కొన్నది. మడిస్తే పిడికెడు ఉంటుంది, బరువు మాత్రం సుత్తికి అన్నయ్య. మూటలు విప్పాలన్నా, సీళ్ళు తెంచాలన్నా అదే. వస్తువన్నాక బరువుండాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీదే పక్క దుకాణం దర్జీ సగం బతుకుతున్నాడు. జేబు కుట్టడం, అది మళ్ళీ చిరగడం, ఇంతే.

అలా ఎడమ చెయ్యి జేబులోనూ కుడి చెయ్యి గాల్లోనూ ఉన్న సమయంలో కొరియర్ అతను గేటు తీసుకుని వచ్చాడు.

"పార్సిల్ సార్. ఇక్కడ ఒక సంతకం."

కుడి చెయ్యి తనంతట తనే ముందుకు వెళ్ళింది. పెట్టె అందుకుంది. ఒకసారి పైకి లేచింది, ఒకసారి కిందికి దిగింది. తూకాలాయన కనుబొమలు ముడిపడ్డాయి.

పొడవాటి అట్టపెట్టె, చుట్టూ గట్టి టేపు. పైన విప్పిన మడత చాకు బొమ్మ. దాని కింద ‘అసలు సైజు’ అని ఉంది. చిన్నా చితకా చాకు కాదు. విప్పితే మణికట్టు దగ్గర మొదలై వేళ్ళ చివర్లు దాటిపోయేలా ఉంది. అలాంటి చాకు ఎంత బరువుండాలో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. చేతిలో ఉన్నది అట్ట బరువు. అట్ట, ఓ కాగితం, అంతే. ఇంకా కింద పెద్ద అక్షరాలతో ఇలా అచ్చు వేశారు: ‘జేబులో ఉన్నట్టే తెలియదు!’

"ఉన్నట్టే తెలియదట! ఉంటేగా తెలియడానికి!" అన్నాడు తూకాలాయన. "ఎంత ధైర్యం! మోసం చేస్తామని పెట్టె మీద వాళ్ళే అచ్చు వేసుకున్నారు."

భార్య గరిటెతో సహా బయటికొచ్చింది. పెట్టె చూడగానే ఆవిడ ముఖంలో రంగులు మారాయి. ఆవిడకి తెలిసి ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. మధ్యాహ్నం రాబోయే అబ్బాయి చాకులు తయారుచేస్తాడు. చిన్న కార్ఖానా, తనే యజమాని, తనే పనివాడు, ఫోను ఎత్తేదీ తనే. కాబోయే మామగారి చిరుగు జేబు గురించి అమ్మాయి చెప్పగా విని, తను చేసిన వాటిలోకెల్లా మంచి చాకు బహుమతిగా పంపాడు. చేతికిస్తే లంచం అంటాడని, పేరు లేకుండా కొరియర్లో పంపాడు. భోజనాలయ్యాక, చాకు నచ్చిందని ఈయన నోటితో అన్నాక, అప్పుడు చెప్పాలని తల్లీకూతుళ్ళ పథకం.

"ఎవరు తెప్పించారు దీన్ని?" అన్నాడాయన.

"నేనే," అంది ఆవిడ, వేరే దారి లేక. "మీ జేబు బాధ చూడలేక తెప్పించా. ముందు విప్పి చూడండి."

ఆ ఒక్క అబద్ధం కొంప ముంచింది. తనకి మోసం జరిగితే తూకాలాయన ఒక ఉత్తరం రాసి ఊరుకునేవాడేమో. కానీ భార్య, ఏనాడూ తనకంటూ ఏదీ అడగని మనిషి, ముచ్చటపడి భర్తకో చాకు తెప్పిస్తే ఎవడో ఖాళీ పెట్టె అంటగట్టాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. వెంటనే ఎర్రబడ్డాయి.

"విప్పడానికి వీల్లేదు," అన్నాడు. "సీలు విప్పితే కేసు పోతుంది. సాక్షులు కావాలి. పార్టీ, అంటే సరుకు పంపినవాడు, ఎదురుగా ఉండాలి. ఏమయ్యా కొరియరూ, నువ్వు కదలకు."

"సార్, నాకింకా సంచీ నిండా పార్సిళ్ళున్నాయి. సంతకం పెడితే పోతా."

"ఖాళీ పెట్టెకి సంతకం పెట్టే మొహంలా ఉందా ఇది?"

మొదటి సాక్షిగా పక్క దుకాణం దర్జీ వచ్చాడు, మెడలో టేపుతో, నోట్లో గుండుసూదులతో. రెండో సాక్షి కోసం తూకాలాయన వీధిలోకి చూశాడు, ఎవరూ లేరు. మెట్ల మీదికి చూశాడు. పై అంతస్తులో పళ్ళ డాక్టరు ఉన్నాడు. మత్తు సూది వేయించుకుని, అది పట్టేదాకా కాస్త గాలి కోసం కింది మెట్టు మీద ఓ పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. బుగ్గ ఒకటి బూరెలా ఉబ్బి ఉంది.

"మీరు సాక్షిగా ఉంటారా?"

"ఊఁ హూఁ హూఁ," అన్నాడు పన్ను నొప్పాయన, చేతులు అడ్డంగా ఊపుతూ.

"సంతోషం," అన్నాడు తూకాలాయన.

వసారాలో పాత కాటా ఒకటుంది, బస్తాలు తూచేది. దాని మీద పెట్టెను ఉంచి సాక్షులకి చూపించాడు. "చూశారా? ముల్లు కదల్లేదు."

దర్జీ సూదులు తీసి అన్నాడు. "సార్, మొన్న నేను ఎక్కినా అది కదల్లేదండి."

"నువ్వు సాక్షివి. చూడాలి, మాట్లాడకూడదు."

"అసలు నన్నడిగితే ఇలాంటి చాకులు రాకపోవడమే మంచిదండి. జేబు చిరగని చాకు కూడా ఒక చాకేనా?" అన్నాడు దర్జీ, తన కష్టం తనదిగా.

ఇక పార్టీ కావాలి. పెట్టె అడుగున ఫోను నంబరు ఉంది. తూకాలాయన ఫోను తీశాడు. భార్య అడ్డం వచ్చింది.

"ఏమండీ, ఇప్పుడు ఫోనెందుకు? అబ్బాయి వచ్చే వేళయింది. భోజనాలయ్యాక చూసుకుందాం, నా మాట వినండి!"

"నువ్వు అమాయకురాలివి, నీకు తెలీదు, ఉండు," అని ఆయన నంబరు నొక్కేశాడు.

అవతల ఎత్తారు. వెనక ఏవో బళ్ళ చప్పుళ్ళు. గొంతు కుర్రగా, మర్యాదగా ఉంది. "చెప్పండి, చాకుల కార్ఖానా."

"మీ ఖాళీ పెట్టె నాకు చేరింది."

"ఖాళీదా అండీ? అలా అనిపిస్తుందండీ. చాలామంది అలాగే అంటారు. మా చాకు గొప్పతనమే అది."

"ఏమీ పెట్టకపోవడం గొప్పతనమా?"

"విప్పి చూశారా అండీ?"

"విప్పక్కర్లేదు. నా చెయ్యి చెప్పింది."

"చెయ్యి ఒక్కోసారి పొరపాటు పడుతుందండీ."

అంతే. తూకాలాయన్ని ఎన్ని మాటలన్నా పడతాడు, ఆ చేతిని అంటే మాత్రం పడడు. "నా చెయ్యా? పొరపాటా? ఒరే అబ్బాయ్, ఈ చేతికి భయపడి దుకాణాలకి దుకాణాలే మూసుకుని పారిపోయాయి! మా ఆవిడ లాంటి అమాయకుల్ని మోసం చేసి బతుకుతావా? పెళ్ళయిందా నీకు?"

"ఇంకా లేదండీ."

"కాదు! నీలాంటివాడికి పిల్లనెవడిస్తాడయ్యా?"

అవతల బళ్ళ చప్పుడు తగ్గింది. తర్వాత ఆ గొంతు నెమ్మదిగా అంది. "అదే కనుక్కుందామని బయల్దేరానండీ."

చిత్రమేమిటంటే ఆ మాట తూకాలాయనకి రెండుసార్లు వినబడింది. ఒకటి ఫోన్లోంచి, రెండోది గేటు దగ్గర్నుంచి. ఆయన తలెత్తి చూశాడు. అబ్బాయిని తీసుకురావడానికి వెళ్ళిన కూతురు గేటు అవతల నిలబడి ఉంది. పక్కనే ఇస్త్రీ చొక్కా, మంచి ప్యాంటు వేసుకున్న ఓ అబ్బాయి, చెవికి ఫోనుతో, పెళ్ళికొడుకు కళ పూర్తిగా ఎండిపోయిన ముఖంతో.

"నాన్నా," అంది కూతురు. అరిచినా బాగుండేది. మెల్లగా అంది.

భార్య గరిటె అరుగు మీద పెట్టేసింది. "ఆ చాకు నేను తెప్పించలేదండీ. అబ్బాయే పంపాడు, మీకు బహుమతిగా. మీరు లంచమంటారని చెప్పలేదు."

తూకాలాయన పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. వెనక్కి తీసుకుందామంటే మాట నోరు దాటిపోయింది, ముందుకు పోదామంటే కూతురు ముఖం అడ్డంగా ఉంది. అబ్బాయి లోపలికి వచ్చి నమస్కారం పెట్టాడు. మెట్టు మీది పన్ను నొప్పాయన ఎందుకో ఒక్కసారిగా కదిలి, "ఊఁ! ఊఁ హూఁ!" అంటూ అబ్బాయి నడుం వైపు వేలు చూపించాడు.

"పాపం, కూర్చోమంటున్నారు," అంది భార్య, హడావిడిగా కుర్చీ జరుపుతూ.

అబ్బాయి కూర్చున్నాడు. పన్ను నొప్పాయన నెత్తి కొట్టుకున్నాడు.

"తప్పు మీది కాదండీ," అన్నాడు అబ్బాయి. "పెద్ద చాకు అంటే బరువుండాలనే ఎవరైనా అనుకుంటారు. పిడి లోపల ఎక్కడెక్కడ లోహం అక్కర్లేదో అక్కడల్లా తొలిచేశాను. బలం తగ్గకుండా బరువు తగ్గించడానికి ఎన్ని పిడులు విరగ్గొట్టుకున్నానో లెక్కలేదు. చేతిలో ఉంటే తప్ప ఉన్నట్టు తెలియకూడదని నా పట్టుదల. మీ జేబు గురించి విన్నప్పుడు, ఇది మీకోసమే చేశానేమో అనిపించింది."

ఆ మాటల్లో గొప్పలు లేవు. తన పని మీద మనిషికుండే ప్రేమ ఉంది. తూకాలాయనకి అది బాగా తెలిసిన సరుకే. ఆయన తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ అన్నం పెట్టిన చెయ్యి. ముసలిదైపోయిందా? సరైన చాకుని పట్టుకుని ఖాళీ పెట్టె అందా? దుఃఖం వచ్చింది ఆయనకి, నిజంగానే వచ్చింది. అయినా కూతురి వైపు చూసి మింగేశాడు.

"తప్పు నాదే బాబూ," అన్నాడు. "చెయ్యి పాతబడింది. నోరు ముందే పాతబడింది. ఆ ఫోన్లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. సాక్షులు వినాలి."

"విన్నామండి," అన్నాడు దర్జీ.

ఆ ఇంట్లో తూకాలాయన తప్పు ఒప్పుకోవడం ఎవరూ ఎరగరు. భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కూతురు వచ్చి తండ్రి పక్కన నిలబడింది. కొరియర్ అతను కూడా సంచీ కింద పెట్టి ముక్కు చీదుకున్నాడు.

"పార్టీ వచ్చింది కాబట్టి ఇక సీలు విప్పుదాం," అని తూకాలాయన ఇనప చాకు తీశాడు. చాకు పెట్టె విప్పడానికి కూడా ఇంకో చాకు కావాలి కదా. టేపు కోశాడు. నియమం ప్రకారం మూత తన వైపు నుంచి ఎత్తి, ముందు తనొక్కడే లోపలికి చూశాడు.

లోపల ఓ కాగితం ఉంది. ‘మీ నమ్మకానికి ధన్యవాదాలు’ అని. చాకు లేదు.

పెట్టె ఖాళీ.

మొదట తూకాలాయన ఒంట్లో ఏదో ఎగిరి గంతేసింది. చెయ్యి పొరపాటు పడలేదు! ముసలిదీ కాలేదు, ముతకదీ కాలేదు. సాక్షుల్ని పిలిచి, పార్టీని నిలబెట్టి, పెట్టె బోర్లించి చూపించాల్సిన క్షణం. నోరు తెరిచాడు కూడా. అప్పుడు కూతురు కనబడింది. పొద్దుట్నించీ మొదటిసారి నవ్వుతోంది.

ఆయన మూత టక్కున మూసేశాడు.

"ఉంది," అన్నాడు.

"ఎలా ఉందండీ?" అంది భార్య ఆత్రంగా.

"బ్రహ్మాండంగా ఉంది. చాలా తేలిగ్గా ఉంది. ఇంత తేలికైన చాకుని నేను చూడలేదు."

ఉద్యోగంలో ఒక్క నలుసు తూకం అబద్ధం చెప్పని మనిషి, కూతురి కోసం ఏకంగా మొత్తం చాకుని అబద్ధం చెప్పేశాడు.

"ఏదీ, చూపించండి సార్," అన్నాడు దర్జీ.

"నువ్వు సాక్షివి. చూడకూడదు."

"ఇందాక చూడాలన్నారండి!"

"నాన్నా, ఒంటిచేత్తో ఎలా విప్పాలో ఈయన చూపిస్తారు, ఇవ్వు," అంది కూతురు.

"వద్దమ్మా. నాకొచ్చు. భోజనానికి లేవండి అందరూ." ఆయన పెట్టెని పొట్టకి హత్తుకున్నాడు. అబ్బాయి ఉత్సాహంగా ముందుకొచ్చి, "ఒక్కసారి ఇవ్వండి, మూసేటప్పుడు ఒక కిటుకు ఉంది, వేలు తెగుతుంది," అంటూ మెల్లగా పెట్టె అందుకున్నాడు. ఇద్దరూ కాసేపు చెరోవైపు లాగారు. పెట్టె అబ్బాయి చేతికి పోయింది. అతను మూత ఎత్తాడు.

అతని ముఖం పాలిపోయింది. తలెత్తి తూకాలాయన వైపు చూశాడు. తూకాలాయన కళ్ళతోనే ‘మూసెయ్యి’ అన్నాడు. ఈ పెద్దాయన కాబోయే అల్లుడి పరువు కోసం ఖాళీ పెట్టెలో చాకు ఉందన్నాడని అబ్బాయికి అప్పుడు అర్థమైంది. మూత పూర్తిగా తెరిచి పెట్టెని అందరి వైపూ తిప్పాడు.

"ఖాళీగా ఉందండీ," అన్నాడు అందరికీ వినబడేలా. "మీ చెయ్యే కరెక్టండీ. కానీ మొన్న నా చేతుల్తో నేనే సర్దాను. ఇవాళ వేసుకోవాల్సిన బట్టలు సరిపోతాయో లేదో వేసి చూసుకుంటూ, మధ్యలో ఆఖరిసారి పదును చూద్దామని చాకు తీసి, తుడిచి, మళ్ళీ... మళ్ళీ..."

"దేబుకే ఉంది!" అని ఓ గొంతు అరిచింది.

అందరూ తిరిగారు. పన్ను నొప్పాయన లేచి నిలబడ్డాడు. దవడ రెండు చేతులతో పట్టుకుని, నాలుక కూడదీసుకుని, ఈసారి స్పష్టంగా అన్నాడు. "జేబుకే ఉంది! ఆ అబ్బాయి ప్యాంటు జేబు అంచుకి క్లిప్పుతో తగిలించి ఉంది! వచ్చినప్పట్నించీ మొత్తుకుంటున్నా, ఒక్కళ్ళూ వినరే! నా కళ్ళకి ఎదురుగా అదే ఉంది!"

అబ్బాయి జేబు తడుముకున్నాడు. చెయ్యి బయటికొచ్చేసరికి అందులో నల్లటి పిడి ఉంది. పెట్టె మీది బొమ్మలో పిడంత పొడవు, అచ్చం ఆ చాకే.

"చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది!" అంది భార్య.

"బస్సెక్కాను, దిగాను, కూర్చున్నాను," అన్నాడు అబ్బాయి, తన చాకుని తనే మొదటిసారి చూస్తున్నట్టు. "ఉన్నట్టే తెలియలేదు."

ముందు కూతురు నవ్వింది. తర్వాత కొరియర్ అతను. తూకాలాయన మాత్రం నవ్వకుండా చెయ్యి చాచాడు. చాకు అరచేతిలో పడింది. పిడి చెయ్యంతా నిండింది. అయినా చెయ్యి కిందికి దిగలేదు. బొటనవేలితో నెడితే బ్లేడు టక్కుమని పూర్తిగా తెరుచుకుని, కదలకుండా బిగుసుకుంది. ‘ధన్యవాదాలు’ కాగితం అంచుకి తగిలించగానే కాగితం చప్పుడు చెయ్యకుండా రెండైంది. మూయబోతే మాత్రం మూతపడలేదు. అబ్బాయి వచ్చి పిడి లోపలి పట్టీని వేలితో పక్కకి నొక్కాలని చూపించాడు. వేలు తెగకుండా ఎలా పట్టుకోవాలో కూడా చూపించాడు. తూకాలాయన ఎడమ చేతిలోకి ఇనప చాకు తీసుకుని, రెండు చేతులూ త్రాసులా పట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఇంటిల్లిపాదీ ఆయన చుట్టూ మూగింది.

"తక్కువుంది," అన్నాడు చివరికి. కళ్ళు తెరిచి అబ్బాయి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎంత తక్కువుండాలో అంతే ఉంది. చేసినవాడే మర్చిపోయాడంటే దీనికింకో సాక్ష్యం ఎందుకు? కానీ బాబూ, మా పిల్లని కూడా ఇలాగే ఎక్కడైనా మర్చిపోతావా?"

"ఆవిడ ఉన్నట్టు బాగా తెలుస్తుందండీ," అన్నాడు అబ్బాయి.

కూతురు అతని మోచెయ్యి గిల్లింది. భార్య గరిటె తీసుకుని లోపలికి పరిగెత్తింది, అడుగంటిన వాసన వస్తోంది. దర్జీ తన బతుకుతెరువు మీద ఆశ వదిలేసుకుని సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. పన్ను నొప్పాయన మాత్రం మెట్ల వైపు దిగులుగా చూశాడు. మత్తు దిగిపోయింది, పన్ను అలాగే ఉంది, ఇంకో సూది తప్పదు.

"భోజనానికి లేవండి," అంటూ తూకాలాయన రెండడుగులు వేసి ఆగాడు. అరుగు మీద చూశాడు, కాటా మీద చూశాడు, కుర్చీ కింద వంగి చూశాడు. "చాకేదీ? ఇప్పుడేగా నా చేతిలో ఉంది! ఎవరూ కదలకండి!"

"మీ జేబు అంచుకే," అన్నాడు పన్ను నొప్పాయన, మెట్లెక్కుతూ.

తూకాలాయన తడుముకుని చూసుకున్నాడు. ఉంది. అంతసేపూ గోడకి ఆనుకుని నిలబడ్డ కొరియర్ అతను ఇదే అదనని రసీదు ముందుకు చాపాడు. "సార్, ఇప్పుడైనా సంతకం పెడతారా?"

తూకాలాయన కలం తీసి, అందిన సరుకు అన్న చోట, పాత ఇన్‌స్పెక్టరు దస్తూరీలో రాశాడు: ‘ఖాళీ పెట్టె ఒకటి, అల్లుడు ఒకడు. తూకం సరిపోయింది.’